గన్ మీద నంబర్ ఎందుకు? హేలో బుల్లెట్ కౌంటర్, మా తమ్ముడి కళ్ళు

మదనపల్లెలో మా వీధి చివర నెట్ సెంటర్‌లో గంటకి 15 రూపాయలు. 2011లో నేను ఏడో క్లాసు. అక్కడి సిస్టమ్స్‌లో హేలో ట్రయల్ వర్షన్ ఉండేది. ఒకే ఒక్క మిషన్, సైలెంట్ కార్టోగ్రాఫర్. మల్టీప్లేయర్‌కి బ్లడ్ గల్చ్ మ్యాప్. అంతే. ఆ రెండింటితోనే రెండు ఎండాకాలాలు గడిపేశాం.

అప్పట్లో నాకు బాగా నచ్చింది గ్రాఫిక్స్ కాదు, అసాల్ట్ రైఫిల్ వెనక వెలిగే నీలం అంకెలు. 60 నుంచి మొదలై కాల్చే కొద్దీ తగ్గుతూ వస్తాయి. కూల్‌గా ఉంది అనుకున్నానే తప్ప అంతకు మించి ఆలోచించలేదు. పైగా అదే లెక్క స్క్రీన్ పైన ఎడమ మూలలో బుల్లెట్ బొమ్మల్లో కూడా కనిపిస్తుంది. ఒకే విషయం రెండు చోట్ల ఎందుకు? అప్పుడు నన్ను రివ్యూ రాయమంటే "అనవసరపు డిజైన్" అని ఒక మార్కు కోసేవాణ్ణి.

పోయిన సంవత్సరం పుంగనూరులో మా తమ్ముడి పక్కన కూర్చుని ఆడాక ఆ మార్కు తిరిగిచ్చేశాను.

తమ్ముడంటే మా బాబాయి కొడుకు, ఇంటర్ చదువుతున్నాడు. రెండేళ్ళ క్రితం రాత్రి బస్సు దిగుతూ మెట్టు కనపడక పడ్డాడు. చీకట్లో తడబడడం అప్పటికే మొదలైంది, మేమే పట్టించుకోలేదు. టెస్టులన్నీ చేశాక రెటినైటిస్ పిగ్మెంటోసా అన్నారు. వంశపారంపర్యంగా వచ్చే జబ్బు. రెటీనాలో తక్కువ వెలుతురులో పనిచేసే కణాలు ముందు దెబ్బతింటాయి, అందుకే మొదట రేచీకటి. తర్వాత పక్కచూపు అంచుల నుంచి లోపలికి తగ్గుతూ వస్తుంది. నడిమి చూపు మాత్రం చాలా కాలం నిలబడుతుంది. ప్రస్తుతం వాడికి కనిపించేది మొత్తం 20 డిగ్రీలు, అంటే ఎదురుగా చూస్తే ఏ వైపుకైనా 10 డిగ్రీలే.

"అన్నా, మధ్యలో అంతా బాగానే ఉండాది. మూలల్లో ఏముండాదో చూడాలంటే తల తిప్పాల. తిప్పేలోపల చచ్చిపోతా ఉండా" అన్నాడు. గేమ్‌లో చావడం గురించే లెండి.

ఇంజనీర్ బుర్ర కదా, స్కేలు తీశాను. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్, కళ్ళకి అర మీటరు దూరం. 10 డిగ్రీలంటే స్క్రీన్ మధ్య నుంచి సుమారు 9 సెంటీమీటర్లు. ఆ వృత్తం దాటితే వాడికి ఏమీ లేనట్టే. స్క్రీన్ మూల మధ్య నుంచి దాదాపు 20 సెంటీమీటర్లు! హేలో మొదటి భాగంలో బుల్లెట్ బొమ్మలు పైన ఎడమవైపు, షీల్డ్, హెల్త్ పైన కుడివైపు, మోషన్ ట్రాకర్ కింద ఎడమవైపు. ఒక్కటీ వృత్తంలోకి రాదు. గన్ మీద నీలం కౌంటర్ మాత్రం మధ్య నుంచి 7 సెంటీమీటర్ల దగ్గర్లో ఉంది. వృత్తం లోపలే! నేను "అనవసరం" అనుకున్న నంబర్ ఒక్కటే వాడికి కనిపిస్తోంది.

ఇది వాళ్ళు ఇలాంటి కళ్ళ కోసం చేసింది అని నేను అనను. హేలో: కాంబాట్ ఇవాల్వ్డ్ 2001 నవంబర్ 15న మొదటి ఎక్స్‌బాక్స్‌తో పాటు వచ్చింది. 1986లో జేమ్స్ కామెరూన్ తీసిన ఏలియన్స్ సినిమాలో పల్స్ రైఫిల్‌కి ఇలాంటి అంకెల కౌంటరే ఉంటుంది. బంజీ టీమ్‌కి స్టైల్ కావాలి, స్టైల్ దొరికింది. కానీ దాంతో పాటు ఇంకొకటి కూడా దొరికింది. కంటికి ప్రయాణం తగ్గింది. 1993 డూమ్‌లో బుల్లెట్ల లెక్క కింద బార్‌లో ఎడమ చివర ఉంటుంది. శత్రువు మీంచి చూపు తీసి కిందికి వెళ్ళి రావాలి. మామూలు కళ్ళున్న మనకి కూడా అది ఖర్చే, మనకి తెలియదంతే.

2008లో వచ్చిన డెడ్ స్పేస్ ఈ దారిలో చివరిదాకా వెళ్ళింది. హెల్త్ హీరో వెన్నెముక మీద, బుల్లెట్లు గురిపెట్టినప్పుడు గన్ దగ్గర గాల్లో తేలే వెలుగు అంకెల్లో. మూలల్లో ఏమీ ఉండదు. లెక్క ప్రకారం మా వాడికి ఇదే బెస్ట్ గేమ్ కావాలి. పది నిమిషాల్లో వదిలేశాడు. గేమంతా చీకటే మరి! రేచీకటి ఉన్నవాడికి అంకెలు కనిపిస్తాయి గానీ రాక్షసులు కనిపించరు.

మరి ఫోన్ సంగతి? మనలో ఎక్కువమంది ఆడేది అక్కడే కదా. ఫోన్ 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే వాడి వృత్తం సుమారు 5 సెంటీమీటర్లు. బీజీఎంఐలో గన్ బాక్సు, బుల్లెట్ల లెక్క కింద మధ్యలో ఉంటాయి, మధ్య నుంచి మూడున్నర సెంటీమీటర్లు కూడా ఉండదు. అందుకే వాడు బీజీఎంఐ బాగా ఆడతాడు. పైన కుడి మూలలో ఉన్న మినీమ్యాప్ మాత్రం వాడి లోకంలో లేదు. అదే ఫోన్‌లోకి ల్యాప్‌టాప్ నుంచి స్టీమ్ లింక్‌తో హేలో స్ట్రీమ్ చేసి ఇచ్చాను. కౌంటర్ వృత్తంలోకి వచ్చింది కానీ చీమ తలకాయంత అయిపోయింది, నాకే చదవడం రాలేదు. గన్ మీద నంబర్ పెద్ద స్క్రీన్‌కే పనికొస్తుంది. చిన్న స్క్రీన్‌కి కింద మధ్యలో పెట్టడమే రైటు. ఫోన్ గేమ్ చేసేవాళ్ళు హేలోని గుడ్డిగా కాపీ కొట్టకూడదు.

హేలోలోనూ ఈ కౌంటర్ అన్ని గన్‌లకీ లేదు. నీడ్లర్‌కి అంకెలు అక్కర్లేదు, పైన పొడుచుకొచ్చిన గులాబీ సూదులు తగ్గుతుంటేనే తెలిసిపోతుంది. కానీ పిస్టల్? మ్యాగజీన్‌కి 12 బుల్లెట్లు, గేమ్‌లోకెల్లా ఖతర్నాక్ గన్ అదే, కౌంటర్ మాత్రం లేదు. మా వాడికి ఇష్టమైన గన్ కూడా అదే.

ఇక్కడ కుప్పం హాస్టల్ పనికొచ్చింది. బీటెక్‌లో ఉండగా పరీక్షల ముందు రోజుల్లో (అవును, ముందు రోజుల్లోనే) హేలో కస్టమ్ ఎడిషన్‌తో ఇచ్చిన ఎడిటింగ్ కిట్ కెలికేవాణ్ణి. ఆ నీలం అంకెల గుట్టు అప్పుడే తెలిసింది. 0 నుంచి 9 వరకు బొమ్మలున్న టెక్స్చర్ ఒకటి, ఏ బొమ్మ చూపించాలో నిర్ణయించే షేడర్ ఒకటి. ఆ షేడర్‌లో న్యూమరిక్ కౌంటర్ లిమిట్ అని ఒక ఫీల్డ్ ఉంటుంది. పిస్టల్ మోడల్ మీద కొత్తగా కౌంటర్ అతికించడం నా వల్ల కాలేదు, త్రీడీ మోడలింగ్ నాకు రాదు. కానీ మూలలో ఉన్నదాన్ని జరపొచ్చు. మాస్టర్ చీఫ్ కలెక్షన్ కోసం 2021లో వచ్చిన మోడ్ టూల్స్‌లో గెరిల్లా అనే ఎడిటర్ ఉంది. ప్రతి గన్‌కీ ఒక హడ్ ఫైల్ ఉంటుంది, అందులో యాంకర్ అనే ఆప్షన్. టాప్ లెఫ్ట్, టాప్ రైట్, బాటమ్ లెఫ్ట్, బాటమ్ రైట్, చివర్లో సెంటర్. ఆప్షన్ మొదటి నుంచీ ఉంది. పిస్టల్‌కి టాప్ లెఫ్ట్ తీసేసి సెంటర్ పెట్టాను. బుల్లెట్ బొమ్మలు సరిగ్గా గురి మీద వచ్చి పడ్డాయి, శత్రువు మొహం కనపడలేదు. ఆఫ్‌సెట్ మార్చి కిందికి దించడానికి నాలుగుసార్లు మ్యాప్ బిల్డ్ చేయాల్సి వచ్చింది.

దీపావళికి ల్యాప్‌టాప్ తీసుకుని పుంగనూరు వెళ్ళాను. సైలెంట్ కార్టోగ్రాఫర్ పెట్టాం. పట్టపగలు, ఎండ, తెల్లటి ఇసుక బీచ్, వాడి కళ్ళకి అంతకంటే మంచి లెవెల్ లేదు. పిస్టల్ తీశాడు. గురి కింద 12 బొమ్మలు వరసగా నిలబడి ఉన్నాయి.

"అన్నా, ఇది ఇక్కడ ఎప్పటి నుంచి ఉండాది?" అన్నాడు.

"ఈ పొద్దున్నించి."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత పైకే లెక్కపెడుతూ కాల్చడం మొదలుపెట్టాడు. మూడు మిగిలాయనగా బండ వెనక్కి వెళ్ళి రీలోడ్ చేశాడు. తల తిప్పలేదు.