బ్రెయిలీ పరికరమును ధరించు విధము

చూపుగల విద్యార్థికి కలము ఎట్టిదో, చూపులేని విద్యార్థికి బ్రెయిలీ పరికరము అట్టిది. అది వెంట లేనిచో అతడు ఇతరులు చదివి వినిపింపగా వినవలసినవాడే యగును. అయినను ఒక్కొక్కప్పుడు ఆ పరికరము ఇంటనే యుండిపోవును. సోమరితనము దీనికి కారణము కాదు. మోయుటచే మెడ నొచ్చును. ఏడాదికి రెండే జతల దుస్తులు గల యింట చొక్కా చినుగుట చిన్న నష్టము కాదు. కావున దానిని సుఖముగ ధరించు విధమును ఇచట వివరింతము.

ఈ లిపిని కనిపెట్టిన లూయీ బ్రెయిలీ 1809 లో ఫ్రాన్సు దేశమునందు జన్మించెను. తండ్రి గుఱ్ఱపు జీనులు కుట్టువాడు. మూడేండ్ల ప్రాయమున ఆ బాలుడు తండ్రి ఆరెతో ఆడుకొనుచు కన్ను పొడుచుకొని, పిదప రెండవ కంటి చూపును సైతము గోల్పోయెను. పదునైదవ యేట, 1824 లో, ఆఱు చుక్కల లిపిని కూర్చెను. మన దేశమున 1951 లో భారతీ బ్రెయిలీ యేర్పడెను. తెలుగు అక్షరములును ఆ చుక్కలతోనే వ్రాయబడుచున్నవి.

బ్రెయిలీ సాధనములు పలువిధములు. పెర్కిన్సు యంత్రము దాదాపు 5 కిలోల బరువు గలది. అది బల్లపై నుంచదగినది. వెంట గొనిపోదగినవి స్లేటు, స్టైలస్, మఱియు విద్యుత్ పరికరములు. వీనిలో ఆర్బిట్ రీడర్ 20 అనునది ఇరువది గడులు గలిగి సుమారు 450 గ్రాములు తూగును. గడులలోని సన్నని ములుకులు లేచియు దిగియు అక్షరములగుచుండును.

ధరించుటలో ముఖ్యసూత్రమొకటే: బరువు బట్టపై బడక శరీరముపై నిలువవలెను. చొక్కాజేబు మూడు ప్రక్కల కుట్టుపైననే వ్రేలాడును. అందు అరకిలో బరువు నుంచినచో మొదట కుట్టు వీడును, పిదప బట్ట చినుగును. కావున గుడ్డసంచి కుట్టించి, రెండంగుళముల వెడల్పుగల నూలుపట్టీ అమర్చవలెను. సన్నని త్రాడు భుజమును కోయును. వెడల్పైన పట్టీ బరువును పంచును. పట్టీ కుడిభుజము మీదుగా వచ్చి, సంచి ఎడమతుంటిపై నిలువవలెను. అప్పుడు తెల్లకఱ్ఱ పట్టిన కుడిచేతికి అడ్డము కలుగదు. చీర కట్టినవారికి ఎడమభుజముపై నున్న పమిట నలుగదు. నడుమునకు మఱియొక పట్టీ బిగించినచో సంచి ఊగి బట్టను రాచుకొనదు. నిలుచుండి చదువుటకు పరికరము మోచేతుల యెత్తున సమముగ నుండవలెను. లేనిచో మణికట్టు త్వరలోనే అలయును.

ఇక బట్టలకు శత్రువులు కొక్కెములు. లోహపు కొక్కెములను బయటివైపునకు త్రిప్పి, వాని వెనుక గుడ్డముక్క కుట్టవలెను. వెల్క్రోపట్టీలో గఱుకైన భాగము చీరపోగులను, ఉన్నిని ముండ్లకాయవలె పట్టుకొనును. దానిని ఎల్లప్పుడు మూసియే యుంచవలెను. స్టైలస్ మొనకు బెండు గ్రుచ్చక జేబులో వేయరాదు. అది బట్టతోపాటు తొడను గూడ పొడుచును. స్లేటు మడతబందు పోగులను లాగకుండ దానిని గుడ్డతొడుగులో నుంచవలెను.

మన ఇందల్వాయి, ఆర్మూరు ప్రాంతమువారు మఱియొక సంగతి గమనింపవలెను. పసుపు ఉడికించి యెండబోసి మెఱుగుపెట్టు దినములలో ధూళి అంతటను వ్యాపించును. అది ములుకుల సందులలో జేరిన అక్షరములు సరిగా లేవవు. కావున సంచికి మూత యుండవలెను. చేతులు కడిగి తుడిచికొనిన పిమ్మటనే చదువవలెను. తెల్లబట్టపై పసుపుమరకకు సబ్బు తగిలిన ఎఱ్ఱబారును. బెదరి రుద్దక, జాడించి ఎండలో నారవేసిన క్రమముగ వెలియును. వేసవిలో చెమటకు తోలుపట్టీ రంగు చొక్కాకు అంటును. నూలుపట్టీ ఉతికికొనుటకు వీలగును. రంగునూలైనచో మొదట వేఱుగా ఉతుకవలెను.

ఇట్టి సంచిని ఏ గ్రామమునందలి దర్జీయైనను కుట్టగలడు. విద్యార్థులారా! మీ తరగతిలో అంధసహాధ్యాయి యున్నచో, వేడుకకైనను అతని పట్టీని లాగకుడు. కుట్టు వీడుట చూచిన వెంటనే చెప్పుడు. ఆ సంచిలోనున్నది అతని కాగితమును, కలమును, పుస్తకమును.