కారు ముందు చక్రాల దగ్గర ‘టకటక’ – ఖర్చు పెట్టే ముందు చప్పుడు వినాలి

అమలాపురం : జాతీయ రహదారి మీద సాఫీగా వచ్చిన కారు, ఊళ్లోకి పోయే కాలువ గట్టు రోడ్డెక్కగానే ముందు చక్రాల దగ్గర ‘టకటక’మంటుంది. కోనసీమలో అద్దె కారు నడుపుకొనేవారికీ, సొంత కారున్న రైతులకూ ఇది అనుభవమే. షెడ్డుకు తీసుకుపోతే చాలాసార్లు ముందుగా వినబడే మాట ‘షాకబ్జార్బర్లు పోయాయి’ అని. తీరా అవి మార్చాక కూడా చప్పుడు పోకపోతే పెట్టిన ఖర్చు కాలువ పాలే. చప్పుడు ఎప్పుడు వస్తున్నదో యజమాని తానే గమనించుకుంటే ఈ నష్టం తప్పుతుంది.

మొదట డిక్కీలో జాకీ, స్పానరు, స్టెప్నీ కదులుతున్నాయేమో చూడాలి. చక్రాల నట్ల బిగువు చూడాలి. గతుకుల్లో పోతూ బ్రేకును కాస్త నొక్కి ఉంచినప్పుడు చప్పుడు ఆగితే, అది బ్రేకు ప్యాడ్ల చప్పుడే కావచ్చు.

చప్పుడును బట్టి లోపం

స్పీడ్ బ్రేకరు మీద రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కినప్పుడు చప్పుడు లేక, ఒక చక్రం మాత్రమే గోతిలో దిగినప్పుడు ‘టకటక’మంటే స్టెబిలైజర్ రాడ్డు లింకులనో, బుష్‌లనో అనుమానించాలి. ఆ రాడ్డు రెండు చక్రాలనూ కలుపుతుంది. ఒకటి పైకి, ఒకటి కిందికి పోయినప్పుడే అది మెలి తిరుగుతుంది. ఈ లింకుల ఖర్చు షాకబ్జార్బర్ల కంటే చాలా తక్కువ.

బ్రేకు వేయగానే ‘ధడ్’మని ఒక్క దెబ్బ వినిపిస్తే లోయర్ ఆర్మ్ బుష్‌లు చూడాలి. బండి ఆగి ఉండగా స్టీరింగు తిప్పితే ‘టంగ్’మంటే స్ట్రట్ పైనున్న మౌంటు, బేరింగు చూడాలి. ముందుభాగాన్ని చేత్తో నొక్కి వదిలితే ‘కిర్రు’మంటే రబ్బరు బుష్ ఎండిందన్నమాట. ఒక్కొక్క బుష్ మీద నీళ్లు పోసి చూస్తే, చప్పుడు ఆగినచోట లోపం దొరుకుతుంది. కొందరు అక్కడ ఇంజనాయిలు పోస్తారు. నూనె తగిలితే రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

వాయిదా వేయరానిది

లింకు చప్పుడు నాలుగు రోజులు ఓర్చుకోవచ్చు గాని, బాల్ జాయింట్ వదులైతే ఒక్కరోజు కూడా ఓర్వరాదు. అది ఊడితే చక్రం పక్కకు వాలిపోతుంది, స్టీరింగు మాట వినదు. ఒక పక్క పంటకాలువ, మరో పక్క చేను ఉన్న మన రోడ్ల మీద దాని ఫలితం ఏమిటో చెప్పనక్కరలేదు.

పరీక్షకు జాకీ వేసి చక్రాన్ని గాలిలోకి ఎత్తాలి. పైనా కిందా పట్టుకుని ఊపినప్పుడు ఆడితే, వేరొకరిని బ్రేకు నొక్కమనాలి. అప్పుడు ఆట ఆగితే వీల్ బేరింగ్, ఆగకపోతే బాల్ జాయింట్ అని అనుమానించాలి. కుడి ఎడమలకు ఊపినప్పుడు మాత్రమే ఆడితే టై రాడ్ ఎండ్లు చూడాలి. మన ఒండ్రు నేలలో జాకీ దిగబడుతుంది, కింద చెక్క వేయాలి. మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి. ఒక్క జాకీని నమ్మి కారు కిందికి దూరరాదు.

గ్రీజు పెట్టే రోజులు పోయాయి

2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడరు కార్లకు ముందు చక్రాల కీళ్లలో గ్రీజు కొట్టే చోట్లుండేవి. గ్రీజు పెట్టించే వంకన డ్రైవరు కిందికి వంగి చూసేవాడు. ఇప్పటి కార్లలో చాలావాటికి కీళ్లు మూసే ఉంటాయి, అంచేత ఎవరూ వంగి చూడడం లేదు. కీలుపై రబ్బరు తొడుగు చిరిగితే నీరు, బురద చేరి లోపల తుప్పు పడుతుంది. 2022 జూలై వరదల వంటి సమయంలో లంకల దారుల్లో నీళ్లలో నడిచిన కారుకు ఈ తొడుగులు తప్పక చూపించాలి. అంతర్వేది, ఓడలరేవు వంటి తీర గ్రామాల్లో ఉప్పుగాలికి స్ప్రింగులూ తుప్పుపడతాయి.

బిగించేటప్పుడు

కొత్త లోయర్ ఆర్మ్ బుష్‌ల బోల్టులను చక్రాలు గాలిలో ఉండగా పూర్తిగా బిగిస్తే, కారు నేల మీదికి దిగాక రబ్బరు మెలితిరిగి త్వరగా చిరుగుతుంది. కారు బరువు చక్రాల మీద పడ్డాకనే చివరి బిగింపు చేయమని మెకానిక్కును అడగాలి. షాకబ్జార్బర్లు నిజంగా కారుతుంటే రెండు వైపులా కలిపి మార్చాలి. ఆర్మ్ గాని, స్ట్రట్ గాని, టై రాడ్ ఎండ్ గాని మార్చాక చక్రాల అలైన్‌మెంట్ చేయించకపోతే కొత్త టైర్లు కూడా ఒక అంచున అరిగిపోతాయి.

షెడ్డుకు వెళ్లేటప్పుడు ‘చప్పుడొస్తోంది’ అని మాత్రం చెప్పక, ఏ వైపు, ఏ వేగంలో, బ్రేకు వేస్తేనా, తిప్పితేనా అన్నది చెప్పాలి. పాత సామాను విప్పి చేతికిచ్చి, వదులు చూపించాకనే కొత్తది కొనడం మేలు.