రంగు కంటే ముందు రేకు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు ఏపీ 22 నంబరు పలకతో ఇంటి ముందు నిలిచిపోయిన పాత అంబాసిడర్‌నో, మారుతి 800నో ఓసారి దగ్గరగా చూడండి. రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. బానెట్ మీద రంగు ఎండకు వెలిసిపోయినా రేకు గట్టిగానే ఉంటుంది. తలుపుల అడుగు, కాళ్ల కింది ఫ్లోరు మాత్రం తూట్లు పడి ఉంటాయి. ఎండలు మండే ఈ పాలమూరు ప్రాంతంలో ఇంత తుప్పు ఎక్కడిది?

ఇనుము తుప్పు పట్టాలంటే నీరు, ఆక్సిజన్ రెండూ ఉండాలి. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే రేకు మీద కంటికి ఆననంత పలుచగా నీటి పొర పేరుకుని తుప్పు జోరందుకుంటుంది. వేసవిలో ఇక్కడి గాలి అంతకంటే పొడిగా ఉంటుంది కాబట్టి బయటి రేకు బతికిపోతుంది.

తలుపు లోపలి సంగతి వేరు. అద్దం పక్కనుంచి దిగిన వాన నీరు బయటికి పోవడానికి తలుపు అడుగున చిన్న రంధ్రాలుంటాయి. దుమ్ము, ఆకులు చేరి అవి పూడుకుపోతే లోపల బురద నిలుస్తుంది. బురద కింద ఆక్సిజన్ తక్కువ, పక్కన ఎక్కువ. ఆ తేడాతో ఒకే రేకు చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది. ఆక్సిజన్ తక్కువున్న చోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి కరిగిపోతుంది, ఎక్కువున్న చోట ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది. ఇలా పుట్టిన తుప్పు ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమించి రంగును పొక్కులా లేపుతుంది. అంటే బయట పొక్కు కనిపించేసరికే లోపల రేకు పలుచబడిపోయిందన్నమాట.

పని మొదలుపెట్టే ముందు స్క్రూడ్రైవర్ పిడితో రేకును తట్టి చూడాలి. మంచి రేకు ఖంగుమంటుంది, చివికింది దబ్బుమంటుంది. అయస్కాంతం పట్టుకోని చోట రంగు కింద పాత పుట్టీ మందంగా ఉందని అర్థం. చివికిన భాగాన్ని కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. అది టింకరింగ్ షెడ్డు పని. మిగతాది ఇంట్లో చేసుకోవచ్చు.

పైపై తుప్పును వైరు బ్రష్‌తో, 80 నంబరు సాండ్ పేపర్‌తో రేకు తళతళలాడే దాకా గీకాలి. సన్నని గుంటల్లో మిగిలినదానికి ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు మందు రాస్తే ఆ తుప్పు ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుతుంది. దాదాపు 1,600 ఏళ్లుగా నిలిచిన ఢిల్లీ ఇనుప స్తంభాన్ని కాపాడుతున్నదీ భాస్వరమేనని కాన్పూర్ ఐఐటీ లోహశాస్త్రవేత్త ఆర్. బాలసుబ్రమణ్యం వివరించారు. తుప్పు గీకకుండా పైన రెడ్ ఆక్సైడ్ పూస్తే లాభం లేదు. ఆ ఎరుపు కూడా ఐరన్ ఆక్సైడే. కింద దాగిన తేమ తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

పుట్టీ తేమను పీల్చుకుంటుంది. అందుకే ముందు ఎపాక్సీ ప్రైమర్ కొట్టి, దాని మీద రెండు మూడు మిల్లీమీటర్లు మించకుండా పుట్టీ పెట్టాలి. దాన్ని నీళ్లు తగలకుండా పొడిగానే రుద్దాలి. వాటర్ పేపర్ వంతు పుట్టీ మీద కొట్టే ప్రైమర్ ఎండాకే.

రంగు కొట్టడానికి ఇక్కడి వాతావరణమే పెద్ద పరీక్ష. మే నెల మధ్యాహ్నం థిన్నర్ గాలిలోనే ఆవిరై రంగు గరుకుగా పడుతుంది. ముసురు రోజుల్లో థిన్నర్ ఆవిరవుతూ రేకును చల్లబరిస్తే గాలిలోని తేమ దానిమీద చేరి రంగు తెల్లగా మసకబారుతుంది. కాబట్టి పొడి రోజుల్లో, ఎండ ముదరకముందే పని ముగించుకోవాలి. థిన్నర్ దగ్గర నిప్పు ఉండకూడదు. హార్డెనర్ కలిపే రంగుల్లోని ఐసోసయనేట్లు ఉబ్బసం తెప్పించగలవు. గుడ్డ మాస్కు వాటిని ఆపలేదు కనుక అలాంటి రంగును షెడ్డుకే వదిలేయడం మంచిది. రంగు మారిస్తే ఆర్‌సీలోనూ మార్పించాలి.

చివరగా తలుపు అడుగు రంధ్రాల్లో రంగు గడ్డకట్టకుండా సన్నని తీగతో గుచ్చాలి. అద్దం మీద చెంబెడు నీళ్లు పోస్తే అడుగునుంచి కారిపోవాలి. కారలేదంటే వచ్చే వానాకాలానికి తుప్పు మళ్లీ మొదలైనట్టే.