వార్తల్లో పదం: బహుస్థితికత

గోదావరి జిల్లాల చెరువుల్లో బొచ్చె, శీలావతి, బంగారుతీగ చేపలను కలిపే పెంచుతుంటారు. మొదటి రెండింటి కణాల్లో 50 క్రోమోజోములుంటే బంగారుతీగలో 100 ఉంటాయి. ఇలా క్రోమోజోముల సెట్లు రెండుకు మించి ఉండటాన్నే బహుస్థితికత అంటారు.

సుమారు 1.2 కోట్ల ఏళ్ల క్రితం రెండు వేర్వేరు జాతులు సంకరమై బంగారుతీగ పూర్వీకులు పుట్టారు. ఆ రెండు వంశాల క్రోమోజోములను శాస్త్రవేత్తలు నేటికీ విడివిడిగా గుర్తించగలుగుతున్నారు. తొట్టెల్లో పెంచే గోల్డ్‌ఫిష్‌దీ ఇదే వంశం.

సాల్మన్ చేపది మరో దారి. సుమారు 8 కోట్ల ఏళ్ల క్రితం దాని పూర్వీకుల జన్యుసంపద మొత్తం రెట్టింపైంది. అట్లాంటిక్ సాల్మన్ జన్యుపటం 2016లో వెలువడింది. రెట్టింపైన జన్యువుల్లో దాదాపు సగం ఇప్పటికీ జంటగానే ఉన్నాయని, చాలా జంటల పనితీరు మాత్రం మారిందని అందులో తేలింది. ఒక ప్రతి పాత పని చూసుకుంటుంటే రెండోది స్వేచ్ఛగా మారి, కొత్త పని అందుకోగలదు. జన్యుశాస్త్రవేత్త సుసుము ఓనో 1970లోనే ప్రతిపాదించిన ఈ ఆలోచనకు చేపలను మించిన ప్రయోగశాల లేదు.

క్రోమోజోముల సెట్లను పెంచే ఈ కిటుకును మనుషులూ వాడుతున్నారు. ఫలదీకరణ జరిగిన కాసేపటికి గుడ్లపై తీవ్ర ఒత్తిడి కలిగిస్తే మూడు సెట్ల చేపలు పుడతాయి. అవి సంతానాన్ని కనలేవు. అమెరికాలో చెరువుల కలుపు తీయడానికి అలాంటి గడ్డిచేపలను వదులుతుంటారు.