కారియాపట్టి కేబుల్లో మన మాటకు చోటుందా?

విరుదునగర్ జిల్లా కారియాపట్టి నుంచి దక్షిణాన కోవిల్‌పట్టి దాకా ఉన్న నల్లరేగడి ఊళ్లలో తెలుగు తరతరాలుగా ఇంటి భాష. కమ్మవారు, రెడ్లు, రాజకంబళం నాయకర్లు, అరుంధతీయుల్లో చాలామంది ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడతారు. హైదరాబాదు ఛానెల్ పెట్టుకుంటే వినిపించే తెలుగు వీళ్లది కాదు, ఆ వార్తలూ వీళ్లవి కావు. ఊరి కణ్మాయి (చెరువు) నిండిందా, తిరునాళ్లు ఎప్పుడు, మిరపకాయలు ఏ ధర పలుకుతున్నాయి అన్న సంగతులు చెప్పగలిగేది లోకల్ ఛానెలే. మరి దాని మీద అజమాయిషీ ఎవరిది? మనం దాన్నుంచి ఏం అడగవచ్చు?

1990ల మొదట్లో మిద్దె మీద డిష్ పెట్టి, స్తంభాల మీదుగా తీగ లాగినవాడిదే కేబుల్. అడిగే చట్టం లేదు. 1995లో పార్లమెంటు కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల నియంత్రణ చట్టం తెచ్చింది. ఏం చూపించకూడదో చెప్పే ప్రోగ్రాం కోడ్, ప్రకటనల కోడ్ దాని కిందివే. అమలు చేయవలసింది కలెక్టరు, సబ్ కలెక్టరు, పోలీసు కమిషనరు వంటి అధికారులు. కోడ్ మీరిన కార్యక్రమాన్ని వాళ్లు ఆపించగలరు.

లోకల్ ఛానెళ్లకు విడిగా నిబంధనలు వచ్చింది 2022 నవంబరులో. ప్రభుత్వం వాటిని ‘ప్లాట్‌ఫాం సర్వీసెస్’ అంటుంది, ఆ మాట తెర మీద కనిపించాలి. వాటిని నడిపేది ఊళ్లోని ఆపరేటరుకు సిగ్నల్ అందించే పెద్ద సంస్థ, అంటే ఎం.ఎస్.ఓ. దాని మొత్తం ఛానెళ్ల సామర్థ్యంలో ఇవి 5 శాతం మించకూడదు. ఆ లెక్క రాష్ట్రం మొత్తానికి కడతారు. అది కాక, స్థానిక కార్యక్రమాల కోసమని ఒక్కో జిల్లాకు మరో 2 ఛానెళ్లకు అనుమతి ఉంది. నాకు ఈ నిబంధనల్లో అన్నిటికన్నా విలువైనది ఇదే.

అయితే ఛానెల్ పెట్టుకోనిస్తుందే తప్ప, ఎవరి భాషకు ఎంత సమయం ఇవ్వాలో చట్టం చెప్పదు. దూరదర్శన్‌ను తప్పక చూపించాలంటుంది, ఊరి జనానికి మాత్రం గంట కేటాయించమని అనదు. అమెరికాలో 1984 చట్టం కింద కేబుల్ కంపెనీకి అనుమతినిచ్చే స్థానిక ప్రభుత్వాలు ప్రజలకూ బడులకూ ఛానెళ్లు కేటాయించమని షరతు పెట్టవచ్చు. మన దగ్గర ఆ వీలు లేకపోవడం పెద్ద లోటు.

తమిళనాడులో ఇంకో చిక్కుంది. ఇక్కడ రాష్ట్ర ప్రభుత్వమే ఒక ఎం.ఎస్.ఓ. 2007లో పుట్టిన ఆ సర్కారీ సంస్థ అరసు కేబుల్‌ను 2011లో ముఖ్యమంత్రి జయలలిత నెలకు 70 రూపాయల చందాతో మళ్లీ నిలబెట్టారు. పేదింటికి అది నిజమైన మేలు. కానీ తీగా సర్కారుదే, తనిఖీ చేసే కలెక్టరూ సర్కారు మనిషే అయితే, ఆఫీసుల తప్పులు చూపించే వార్తకు ధైర్యం ఎక్కడిది? రాష్ట్ర ప్రభుత్వాలు కేబుల్ పంపిణీలోకి రాకూడదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లోనే సిఫారసు చేసింది.

అందుకే కేబుల్ ఛానెళ్ల మీద కన్నేసే జిల్లా పర్యవేక్షణ కమిటీలో బయటివాళ్లు ముఖ్యం. కలెక్టరు అధ్యక్షుడు. ఎస్పీతో పాటు ఒక మహిళా కళాశాల ప్రిన్సిపాలు, పిల్లల కోసం, స్త్రీల కోసం పనిచేసే సంస్థల ప్రతినిధులు ఉండాలి. లోకల్ ఛానెల్ మీద ఫిర్యాదులు వినవలసింది ఈ కమిటీ, చట్టం చెప్పిన అధికారీ. మన తరఫున మాట్లాడమని ఆ ప్రిన్సిపాలును కలవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అడగవలసిందీ చిన్నదే: వారానికి అరగంట మన తెలుగు కార్యక్రమం. ఎట్టయపురం దగ్గరి జమీన్ కోడంగిపట్టిలో రాజకంబళం వాళ్లు ఉరుము వాద్యానికి ఆడే దేవరాట్టం ఉంది, అవ్వల నోట తెలుగు పాటలున్నాయి. ఫోను కెమెరా చాలు. అరసు కేబుల్‌కూ, ప్రైవేటు ఎం.ఎస్.ఓ.కూ ఊరి పెద్దలు సంతకాలు పెట్టి అర్జీ రాయాలి, సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునేటప్పుడు ఒక నకలు ఇవ్వాలి. ఏదైనా కార్యక్రమం మన వాళ్లను కించపరిస్తే తేదీ, సమయం, ఛానెల్ పేరు రాసి ఆలస్యం చేయకుండా ఫిర్యాదు చేయాలి. ఎందుకంటే ప్రసారాల రికార్డింగును ఎం.ఎస్.ఓ. 90 రోజుల వరకే దాచాలి.