నాన్న వలకీ, పిల్లల ఆదివారానికీ ఒకే పడవ సరిపోతుందా?

ఈ ఎపిసోడ్ టాపిక్ చూసి కొందరు నవ్వుతారని తెలుసు. భానూర్‌లో కూర్చుని పడవ గురించి మాట్లాడటమేంటి బ్రో, ఇక్కడ బీడీఎల్, కంపెనీ బస్సులు, లారీలు తప్ప ఏముంది అని. కానీ మన దగ్గర షిఫ్టులు చేసేవాళ్లలో సింగూరు వైపు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. నాన్న ఇంకా నీళ్ల మీదే, కొడుకు పటాన్‌చెరులో జీతం మీద. పాత నాటు పడవ అడుగు పోయింది. బోనస్ పడింది, కొత్తది కొనిద్దాం అనుకుంటాడు. వెంటనే ఇంకో ఆలోచన వస్తుంది: ఆదివారం అమ్మనీ, అక్క పిల్లల్నీ కూడా ఒక రౌండ్ తిప్పొచ్చు కదా?

తిప్పొచ్చు. కాకపోతే ఆ రెండు పనులూ పడవని రెండు వేర్వేరు ఆకారాల్లో అడుగుతాయి. ఎక్కడ గొడవ వస్తుందో చూసి కొనాలి.

ముందు చిన్న విషయం ఒకటి. మీ ఇంట్లో ఎవరూ మత్స్యకారులు కాదు, సరదాగా పడవ కొని సింగూరులో వలేద్దాం అనుకుంటున్నారా? అలా కుదరదు. మన రిజర్వాయర్లలో చేపలు పట్టే హక్కు అక్కడి మత్స్య సహకార సంఘాల సభ్యులది, లైసెన్స్ ఉన్నవాళ్లది. అలాగే సింగూరు డ్యామ్ కింద నుంచి మంజీర బ్యారేజ్ దాకా ఉన్న నది వన్యప్రాణి అభయారణ్యం. అక్కడ మొసళ్లు ఉంటాయి, నేను జోక్ చేయట్లేదు. అక్కడ వలా వద్దు, పిక్నిక్కూ వద్దు. కాబట్టి ఇవాళ్టి మాటలు సంఘంలో సభ్యత్వం ఉన్న నాన్నకి పడవ కొనిచ్చే కొడుకుల కోసం. కూతుళ్లూ ఉన్నారు, సారీ.

సరే, గొడవ ఎక్కడ? పడవ అంచు దగ్గర.

వల లాగేవాడికి అంచు తక్కువ ఎత్తులో ఉండాలి. వంగి, తడి వలని చేపలతో సహా గంటలకొద్దీ లోపలికి లాగాలి కదా, అంచు ఎత్తుగా ఉంటే నడుం పోతుంది. లోపల కూడా ఖాళీగా ఉండాలి, లేకపోతే వల చిక్కుకుంటుంది. మరి పిల్లలతో వెళ్లేటప్పుడు? అంచు ఎత్తుగా ఉండాలి, కూర్చోడానికి కదలని బల్లలు ఉండాలి. షాపువాడు "రెండిటికీ పనికొస్తది అన్నా" అంటే ఆ మాటకి అర్థమే లేదు. అంచు ఎంత ఎత్తు అని అడగండి.

ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం. భయపడకండి, ఎంసెట్ ఫిజిక్స్ కంటే తేలిక. 14 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఉన్న పడవ అనుకోండి. ముందు భాగం సన్నగా ఉంటుంది కాబట్టి నీటిని తాకే వైశాల్యం సుమారు నాలుగున్నర చదరపు మీటర్లు. అంటే పడవ ఒక సెంటీమీటర్ మునగడానికి 45 కేజీల బరువు కావాలి. ఆరుగురు ఎక్కితే 400 కేజీలు, దిగేది తొమ్మిది సెంటీమీటర్లే. "అరే, ఇంకో ఇద్దరు ఎక్కండి" అని మనోళ్లు అనేది ఇది చూసే. కళ్లకి పడవ దర్జాగా తేలుతూ కనిపిస్తుంది.

కానీ అందరూ ఒక పక్కకి జరిగితే? ఎవరో "అదిగో కొంగ" అంటారు, లేదా సెల్ఫీ. ఆరుగురిలో నలుగురు అర మీటర్ పక్కకి జరిగారు. పడవ, ఇంజన్, సామాను కలిపి ఇంకో 250 కేజీలు వేసుకుని నేను లెక్క కట్టాను: కూర్చునే జరిగితే ఆ పక్క అంచు దాదాపు జానెడు కిందికి దిగుతుంది. అదే నలుగురూ నిలబడి అంచు దాకా వచ్చారనుకోండి, బరువు పైకి వెళ్లింది కాబట్టి పడవకి నిలదొక్కుకునే శక్తి తగ్గింది, అంచు జానెడున్నర దిగుతుంది. వల కోసం తక్కువ అంచుతో చేసిన పడవకి నిండా జనం ఎక్కాక నీటిపైన మిగిలేది అంతే. ఒక్క అల చాలు. లోపలికి వచ్చిన నీళ్లు కూడా వాలిన వైపుకే పరిగెడతాయి. ఆ తర్వాత సరిచేసుకునే టైమ్ ఉండదు.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా: పిల్లల కోసం ఎత్తు అంచునే ఎంచుకోండి, నాన్న నడుం సమస్యని వేరేలా తీర్చండి. వల లాగే చోట అడుగున బెత్తెడు ఎత్తు చెక్క పలక ఒకటి పెట్టించండి, తీసేసే వీలుండేలా. నాన్న దాని మీద నిలబడితే అంచు ఆయనకి అందుబాటులోకి వస్తుంది. ఆయన ఒక్కడే కాబట్టి 5 అడుగుల వెడల్పు ఆయన్ని మోస్తుంది. ఆదివారం పలక ఇంట్లో ఉంటుంది. అంచు తక్కువున్న పడవకి మాత్రం ఆదివారం ఒక్కరోజు ఎత్తు పెంచలేం.

ఎంతమంది ఎక్కొచ్చు? అమెరికాలో చిన్న పడవలకి ఒక మోటు లెక్క వాడతారు: పొడవుని వెడల్పుతో గుణించి 15తో భాగించడం, రెండూ అడుగుల్లో. 14 ఇంటూ 5 అంటే 70, బై 15 అంటే నాలుగు పాయింట్ ఆరు. అంటే నలుగురు. ఐదుకి రౌండ్ చేయొద్దు. అదీ నీళ్లు ప్రశాంతంగా ఉన్నప్పుడే.

ఇక ఏ రకం? థర్మాకోల్ తెప్ప ఒక మనిషి వల చూసుకుని రావడానికి, అంతే. పుట్టి చవక, తేలిక, కానీ గుండ్రంగా ఉంటుంది కాబట్టి గాలికి తిరుగుతూనే ఉంటుంది. తెడ్డు తెలిసినవాడికే లొంగుతుంది. చెక్క పడవ మంచిదే, ఏటా తారు పూసి చూసుకునే ఓపిక ఉండాలి. ఎక్కువమంది చివరికి ఫైబర్ దగ్గరికే వస్తారు. ఫైబర్‌తో ఒక చిక్కుంది, అది అమ్మేవాళ్లు తమంతట తాము చెప్పరు. చెక్క పడవ నీళ్లు నిండినా తేలుతుంది. ఫైబర్ నీటికంటే బరువైన పదార్థం, నీళ్లు నిండితే నేరుగా అడుక్కి పోతుంది. అందుకే బల్లల కింద మూసేసిన గదులు, వాటిలో ఫోమ్ ఉండాలి. ఉందని నోటిమాటగా చెప్తే నమ్మొద్దు. డబ్బులు పూర్తిగా ఇచ్చే ముందు మోకాలి లోతు నీళ్లలో పెట్టి, బకెట్లతో నింపి చూపించమనండి. నిండాక కూడా అంచులు పైకి కనిపిస్తూ, ఒక పక్కకి ఒరగకుండా ఉంటే ఓకే. ఒప్పుకోని వర్క్‌షాప్‌లో కొనకండి. రూపాయి బిళ్లతో పడవంతా తట్టి చూడండి కూడా. టంగుమని కాకుండా ఎక్కడైనా బోలుగా మోగితే లోపల పొరలు విడిపోయినట్టు.

ఇంజన్ గురించి త్వరగా. టూ స్ట్రోక్ అయితే పెట్రోల్‌లో ఆయిల్ కలపాలి, అందులో కొంత నీళ్లలోకే పోతుంది. సింగూరు నీళ్లు హైదరాబాద్ తాగే నీళ్లు. ఫోర్ స్ట్రోక్ తీసుకోండి, కాస్త బరువైనా పర్లేదు. ఇంజన్ బిగించాక కాగితాల లెక్క కూడా మారుతుంది. 1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2021 అంతర్దేశీయ నౌకల చట్టం ఇంజన్ పడవలకి సర్వే, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ అడుగుతుంది. సబ్సిడీ కావాలంటే 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సంప్రదాయ మత్స్యకారులకి పాత పడవ బదులు కొత్తది ఇచ్చే అంశం ఉంది. జనరల్ వాళ్లకి యూనిట్ ఖర్చులో 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకి 60 శాతం. కొన్నాక కాదు, కొనకముందే సంగారెడ్డి మత్స్యశాఖ ఆఫీసుకి నాన్నని తీసుకెళ్లి అడగండి.

చివరిగా జాకెట్లు. 2017 నవంబర్ 12న ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో పడవ తిరగబడి 20 మందికి పైగా పోయారు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పెద్ద టూరిస్ట్ బోటే మునిగింది, 26 మందే బయటపడ్డారు. రెండూ ఆదివారాలే. జాకెట్ బల్ల కింద ఉంటే లేనట్టే, ఒంటి మీద ఉండాలి. పిల్లలకి పెద్దవాళ్ల సైజు పనికిరాదు. కొనేటప్పుడే పాపకి తొడిగి, బకిల్స్ అన్నీ పెట్టి, భుజాల దగ్గర జాకెట్‌ని పట్టుకుని పైకి లేపండి. జాకెట్ చెవుల దాకా జారితే సైజు తప్పు, లేదా కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ లేదు. పాపతో పాటు లేస్తేనే బిల్ కట్టండి.