కలియాక్రా: కోట, పక్షులు, గాలిమరలు

జొన్న కంకి పాలుపోసుకునే వేళ చేల మీద గుంపులుగా వాలే గులాబీ గోరింకలను మన రైతులకు పరిచయం చేయనక్కర్లేదు. చలికాలం భారత్‌లో గడిపే ఈ జాతి గూళ్లు పెట్టేది మాత్రం తూర్పు ఐరోపా నుంచి మధ్య ఆసియా దాకా పరచుకున్న గడ్డి మైదానాల్లో, రాళ్ల సందుల్లో. ఆ నేలకు పడమటి అంచున ఉన్న చోటు బల్గేరియాలోని కలియాక్రా అగ్రం. కొన్నేళ్లు అక్కడికి పెద్ద సంఖ్యలో వస్తాయి, కొన్నేళ్లు అసలు రావు.

నల్ల సముద్రంలోకి 2 కిలోమీటర్లు చొచ్చుకెళ్లిన సన్నని సున్నపురాతి కొమ్ము ఇది. చరియల ఎత్తు దాదాపు 70 మీటర్లు. మూడు వైపులా సముద్రమే కాబట్టి నాలుగో వైపు గోడ కడితే కోట సిద్ధం. 14వ శతాబ్దంలో డోబ్రోటిట్సా అనే పాలకుడి రాజ్యానికి ఇది బలమైన స్థావరం. ఇప్పుడు మొండిగోడలు, ద్వారం మిగిలాయి. ఒట్టోమన్ సైనికులకు చిక్కకుండా 40 మంది యువతులు జడలు ముడివేసుకుని ఇక్కడి నుంచి దూకారన్న కథా మిగిలింది. చరిత్ర కన్నా ఆ కథకే ప్రచారం ఎక్కువ.

1941లో దీన్ని ప్రకృతి రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అయితే గుహల్లో ఉండిన మాంక్ సీల్స్ దక్కలేదు. నల్ల సముద్రంలోనే అవి ఇప్పుడు లేవు.

పక్షుల సంగతికి గాలే ఆధారం. కొంగలు, గూడబాతులు, గద్దల వంటి బరువైన పక్షులు రెక్కలాడిస్తూ ఖండాలు దాటలేవు. ఎండకు కాగిన నేల నుంచి లేచే వేడిగాలిలో సుడులు తిరుగుతూ పైకెక్కి, అక్కడి నుంచి జారుతూ మరో గాలి స్తంభాన్ని అందుకుంటాయి. నీరు నేలంత త్వరగా వేడెక్కదు. సముద్రం మీద ఆ మెట్లు దొరకవు. అందుకే ఆఫ్రికా ప్రయాణంలో ఇవి తీరాన్ని పట్టుకుని సాగుతాయి. ఆ దారి పేరు వయా పోంటికా. శరదృతువులో పడమటి గాలి గట్టిగా వీస్తే గుంపులు కలియాక్రా వైపు నెట్టుకొస్తాయి.

గాలి బాగా వీచే చోటే గాలిమరలకూ కావాలి. చుట్టుపక్కల అవి వరుసగా లేచాయి. పక్షుల నెలవులను కాపాడటంలో బల్గేరియా విఫలమైందని ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2016 జనవరి 14న తేల్చింది. మన దగ్గరా బట్టమేక పిట్టకు, విద్యుత్ తీగలకు మధ్య వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. తీగలను భూమిలో వేయాలన్న 2021 ఆదేశాన్ని 2024లో సడలించి, విషయాన్ని నిపుణుల కమిటీకి అప్పగించింది.

రాడార్లు, పరిశీలకుల సాయంతో పక్షులు వస్తున్నప్పుడు మరలను ఆపే పద్ధతి కలియాక్రాలో ఉంది. ఎగిరి వెళ్లే గద్దకు అది పనికొస్తుంది. సైబీరియా నుంచి వచ్చి చలికాలం గోధుమ చేలల్లో మేసే ఎర్రరొమ్ము పెద్దబాతుల చిక్కు వేరు. రెక్క తగలడం కన్నా మేత నేల తరిగిపోవడమే వాటికి పెద్ద నష్టం. మరను ఆపినంత మాత్రాన ఆ నేల తిరిగి రాదు.